జీతం రాళ్లు, నిలవ లెక్క

చేతి ఫోనుతో డబ్బు చెల్లించటం అలవాటయిన తరవాత జనానికి తమ బ్యాంకు ఖాతాలో ఎంత నిలవ ఉన్నదీ ఎరుక లేకుండా పోయిందని ఒక అభిప్రాయం మన చదువుకున్న మధ్యతరగతిలో బాగా వ్యాపించింది. పూర్వం జేబులో నోట్లుండేవి, అవి తరిగిపోతూంటే కంటికి కనిపించేవి, ఇప్పుడంతా అంకె, అంకె కరిగితే చప్పుడు కాదు అంటారు వీరు. దీనికి ఎదురుగా మరొక అభిప్రాయం ఉంది. నిలవ తెలుసుకోవాలంటే ఒకనాడు బ్యాంకుకు వెళ్లి వరసలో నిలబడి పాసుపుస్తకం రాయించుకోవలసి వచ్చేది, ఈనాడు వేలితో తాకితే చాలు, కాబట్టి ఎరుక పెరిగిందే గాని తగ్గలేదు అంటారు వారు. మొదటి మాట ఎక్కువగా పెన్షను పుచ్చుకునే పెద్దల నోట వినిపిస్తుంది. రెండవది ప్రకటనలు రాసేవారి నోట వినిపిస్తుంది.

ఈ రెండు వాదాలకూ ఒకటే లోపం ఉంది. రెండూ "జనం" అనే మాటను వాడి, జీతగాడినీ, వర్తకుణ్నీ, వడ్డీ పుచ్చుకునేవాణ్నీ, ఇల్లు గడిపే ఆడమనిషినీ ఒకే గంపలో వేస్తాయి. నిలవ ఎంత అన్న ప్రశ్నకు ముందు, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది, ఎవరు రాస్తున్నారు, జీతం వచ్చిన రోజున అందులో మొదట చెయ్యి పెట్టేదెవరు అనే ప్రశ్నలున్నాయి. ఇవి కొత్త ప్రశ్నలు కావు. వీటికి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించటానికి విశాఖపట్నం కంటె అనువైన ఊరు మనకు మరొకటి లేదు. రేవు, ఓడల కార్ఖానా, నూనె శుద్ధి కర్మాగారం, ఉక్కు ఫ్యాక్టరీ వరసగా వచ్చి, ఉత్తరాంధ్ర పల్లెల్లో ధాన్యం కొలిచి కూలి తీసుకునే మనిషిని నెలజీతగాడుగా మార్చిన ఊరు ఇది.

1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ విశాఖ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, విట్లీ అధ్యక్షతన నియమితమైన రాయల్ కమిషను భారతదేశపు కార్మికుల స్థితిగతుల మీద తన నివేదిక సమర్పించింది. సామ్రాజ్య ప్రభుత్వం వేసిన కమిషనే అయినా, అందులో అప్పుల మీద రాసిన భాగం ఈనాటికీ చదవదగ్గది. పారిశ్రామిక కేంద్రాల్లో చాలా చోట్ల మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కార్మికులు అప్పుల్లో ఉన్నారనీ, వారిలో అత్యధికుల అప్పు మూడు నెలల జీతాన్ని మించిపోయిందనీ కమిషను తేల్చింది. రూపాయికి నెలకు అణా వడ్డీ అనేది తరచు కనిపించే రేటు. పదహారణాల రూపాయి మీద నెలకొక అణా అంటే ఏడాదికి నూటికి డెబ్భై అయిదు.

ఈ వడ్డీ వసూలయ్యే పద్ధతి ఏమిటి? జీతాల రోజున వడ్డీ వ్యాపారి కర్ర పుచ్చుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు వేసేవాడు. కార్మికుడు బయటికి వచ్చేసరికి జీతం లెక్క వాడికి ముందే తెలుసు. తన వాటా తీసుకుని మిగిలింది మనిషికి వదిలేవాడు. అప్పు వసూలు చెయ్యటానికి ఇలా పనిచేసే చోటుకు వచ్చి కాపు వెయ్యటాన్ని నేరంగా పరిగణించాలని కమిషను సిఫారసు చేసింది. బెంగాలు శాసనసభ 1934లో అటువంటి చట్టం చేసింది. 1936లో దేశం మొత్తానికి వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. జీతాన్ని నిర్ణీత గడువులోగా ఇవ్వాలి, చట్టం ఒప్పుకున్న కోతలు తప్ప వేరే కోతలు కోయకూడదు, చలామణీలో ఉన్న నాణేల రూపంలో గాని కరెన్సీ నోట్ల రూపంలో గాని ఇవ్వాలి అని ఆ చట్టం అన్నది.

ఈ చివరి నిబంధన దగ్గర కాస్సేపు ఆగటం మంచిది. జీతం నగదుగా ఇవ్వాలని చట్టం ఎందుకు చెప్పవలసి వచ్చింది? దీని వెనక ఇంగ్లండు చరిత్ర ఉంది. అక్కడ యజమానులు జీతానికి బదులు సొంత దుకాణంలో సరుకులో, ఆ దుకాణంలో తప్ప ఎక్కడా చెల్లని బిళ్లలో ఇస్తూ వచ్చారు. సరుకు ధర యజమానే నిర్ణయిస్తాడు గనక జీతం నిజంగా ఎంతో కార్మికుడికి తెలిసే దారి లేదు. 1831 నాటి ట్రక్ చట్టం ఈ పద్ధతిని నిషేధించి, చలామణీ నాణెంగానే జీతం ఇవ్వాలని శాసించింది. కాబట్టి నగదు జీతం అనేది కార్మికులకు ఊరికే దక్కిన సదుపాయం కాదు. తన సంపాదన ఎంతో తాను లెక్కపెట్టుకునే హక్కు అందులో ఇమిడి ఉంది. డబ్బు అనగానే పెట్టుబడిదారీ మాయ అని తోసిపుచ్చే మన మిత్రులు కొందరు ఈ సంగతి మరిచిపోతూంటారు.

ఐతే నగదు చేతికి రాగానే ఎరుక కూడా వచ్చిందా? అక్కడ పెద్దల వాదం కూలిపోతుంది. రేవులో కూలి చాలాకాలం మేస్త్రీ చేతి మీదుగా నడిచింది. ముఠాకు వచ్చిన మొత్తం మేస్త్రీకి తెలుసు, తన వంతు మాత్రమే కూలివాడికి తెలుసు. 1948లో డాకు కార్మికుల నియామక చట్టం వచ్చి, దాని కింద బోర్డులు ఏర్పడి, కార్మికుడి పేరు మీద పుస్తకం తెరిచే దాకా ఈ అడ్డు తొలగలేదు. పేటలో కిరాణా కొట్టు సంగతి మరీ విచిత్రం. నెలపొడుగునా సరుకు అరువు మీద తెచ్చుకోవటం, జీతాల రోజున ఖాతా కట్టటం. పద్దు రాసేది కొట్టువాడు, చదివేదీ కొట్టువాడే. చదువురాని కార్మికుడు తన అప్పును తన జ్ఞాపకంతో పోల్చుకోవలసిందే. జ్ఞాపకానికీ పద్దుకూ తగాదా వచ్చినప్పుడు గెలిచేది పద్దే. చేతిలో ఉన్న రొక్కం ఎంతో అతనికి దమ్మిడీ వరకూ తెలుసు. కాని తీర్చవలసినవి పోగా తన నిలవ ఎంతో అతనికి ఏనాడూ సరిగా తెలియదు. పేదవాడి నిలవ రొక్కంలో నుంచి అప్పు తీసివేస్తే వచ్చే అంకె. ఆ రెండో అంకె పరాయి పుస్తకంలో ఉండేది.

ఇంటి సంగతి వేరు. ఇక్కడ నగదు చేసిన మేలును తక్కువ చెయ్యటానికి వీల్లేదు. జీతపు కవరు ఇంటికి వచ్చేది. దాని మీద అంకె రాసి ఉండేది. భార్య చదువుకోకపోయినా నోట్లు లెక్కపెట్టగలదు, తక్కువ వస్తే ఏమయిందని అడగగలదు. కొంగున ముడివేసిన రూపాయలు, పోపుల డబ్బాలో అడుగున దాచిన అర్ధలు, దేవుడి పటం వెనక మడిచిపెట్టిన నోటు - ఇవన్నీ ఆ ఇంటి బ్యాంకు శాఖలు. బియ్యానికింత, అద్దెకింత, పిల్లవాడి ఫీజుకింత అని విడివిడిగా కట్టిన మూటలను చూస్తే నెలలో ఎన్నాళ్లకు సరిపోతుందో చెప్పవచ్చు. ఆర్థిక శాస్త్రజ్ఞులు దీనికి గంభీరమైన పేర్లు పెట్టారు గాని, మన తల్లులు ఏ పేరూ పెట్టకుండానే చేశారు.

ఈ సందర్భంలో గురజాడ వారి పూటకూళ్లమ్మ గుర్తుకు రాక మానదు. సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి తన సరదాలకు ఖర్చుపెట్టాడు. ఆ ఇరవై రూపాయలు ఎప్పుడు ఇచ్చిందో, దేనికిచ్చిందో, రానిదేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలుసు గనకనే చీపురు పుచ్చుకుని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వెళ్లింది. నాటకంలో అది నవ్వు పుట్టించే ఘట్టం. కాని వంటచేసి బతికే ఒక విధవ తన రొక్కం లెక్క తాను ఉంచుకున్నదనీ, ఆ లెక్కే ఆమెకు గిరీశాన్ని నిలదీసే ధైర్యం ఇచ్చిందనీ గమనించిన విమర్శకులు తక్కువ.

పాసుపుస్తకం మన ప్రాంతంలో మొదట్లో చిన్న ఉద్యోగికీ, చిన్న వర్తకుడికీ చెందిన వస్తువు. విశాఖపట్నంలో సహకార బ్యాంకు 1916లో వెలిసింది. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును 1923లో స్థాపించాడు. 1969 జూలైలో 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ జరిగిన తరవాత శాఖలు పెరిగి, కార్ఖానా కార్మికుడు కూడా బ్యాంకు గుమ్మం తొక్కాడు. 1976లో వేతనాల చట్టాన్ని సవరించి, కార్మికుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే జీతాన్ని చెక్కు ద్వారా గాని ఖాతాలో గాని వెయ్యవచ్చన్నారు. "రాతపూర్వకంగా ఒప్పుకుంటే" అన్న మాటలు పాఠకులు గుర్తుంచుకోవాలి. పాసుపుస్తకంలో గుమాస్తా చేత్తో రాసిన నిలవ కూడా పరాయివాడు రాసిందే. కాని అది మన ఇంట్లో ఉండే పుస్తకం, మన భాష తెలిసిన మనిషి రాసిన పుస్తకం, తప్పుంటే బల్ల ముందు నిలబడి వాదించదగ్గ పుస్తకం. తరవాత వచ్చిన ఏటీఎం దాన్ని ఒక చీటీగా కుదించింది. అది చాలావరకు బయటికి వస్తూనే చెత్తబుట్టలో పడేది. ఆ దశ మీద ఇంతకంటె చెప్పవలసింది లేదు.

2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. విలువ ప్రకారం చూస్తే చలామణీలో ఉన్న కరెన్సీలో దాదాపు నూటికి 86 వంతులు ఆ నోట్లే. వారానికి 24,000 రూపాయలకు మించి తీసుకోరాదని ఆంక్ష. ఆ నెల విశాఖలో ఏ బ్యాంకు ముందు చూసినా బారులే. నిలవ గురించి మాట్లాడేవారు ఆ రోజులను తప్పక తలుచుకోవాలి. ఎందుకంటే ఖాతాలో ఎంత ఉందో ప్రతివాడికీ తెలిసి, అది తనకు పనికిరాదని కూడా ప్రతివాడికీ తెలిసిన రోజులవి. అంకె ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదని విశాఖ కార్మికుడికి అప్పుడే పాఠం జరిగింది.

ఆ కరువు మీదనే కొత్త పద్ధతి నాటుకుంది. ఫోను నుంచి ఫోనుకు డబ్బు పంపే యూపీఐ ఏర్పాటును జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. నోట్ల రద్దు లేకపోతే అది ఎంతకాలానికి సామాన్యుడి దాకా వచ్చేదో చెప్పలేం. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. డిజిటల్ చెల్లింపుల మీద వేసిన ముఖ్యమంత్రుల సంఘానికి కన్వీనరు ఆనాటి మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే. 2017 జనవరిలో ఆ సంఘం ఇచ్చిన మధ్యంతర నివేదిక 50,000 రూపాయలూ అంతకు పైనా నగదు తీసుకుంటే పన్ను వెయ్యాలని సూచించింది. ఆ ఏడాదే విశాఖను "తక్కువ నగదు నగరం"గా మార్చటానికి వీసా అనే అమెరికా కార్డుల కంపెనీతో రాష్ట్ర ప్రభుత్వం చెయ్యి కలిపింది. ఉక్కు మీద హక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చిన నగరానికి 2017లో దొరికిన బిరుదు ఇది! నగదు తగ్గిందా అంటే, 2016 నవంబరు మొదట్లో దాదాపు 18 లక్షల కోట్ల రూపాయలుగా ఉన్న కరెన్సీ 2024 మార్చి నాటికి దాదాపు 35 లక్షల కోట్లకు చేరింది. ఫోను చెల్లింపులు కూడా ఊహకు అందనంతగా పెరిగాయి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో 18,500 కోట్లకు పైగా యూపీఐ లావాదేవీలు జరిగాయి.

ఈ లోగా ఎవరూ పెద్దగా గమనించని మార్పు మరొకటి జరిగింది. 2016 డిసెంబరు 28న ఆర్డినెన్సు జారీ చేసి, 2017లో చట్టం చేసి, జీతం ఖాతాలో వెయ్యటానికి కార్మికుడి రాతపూర్వకమైన ఒప్పుదల అవసరం లేకుండా చేశారు. కార్మికుడి అంగీకారం అనే చిన్న తలుపు మూసుకుపోయింది. 2019లో చేసిన వేతనాల స్మృతి నాణెం, నోటు, చెక్కు, ఖాతా, ఎలక్ట్రానిక్ పద్ధతి అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టింది. దేన్ని ఎంచుకోవాలో కార్మికుణ్ని అడగవలసిన పని లేదు.

ఇక ఫోను చెల్లింపు నిలవ ఎరుకను ఎలా మారుస్తుందో చూద్దాం. పూర్ణా మార్కెట్టులో ఏ కొట్టు ముందైనా ఒక్క పావుగంట నిలబడితే చాలు. కొన్నవాడు ఫోను చూపిస్తాడు, రహస్యపు అంకెలు నొక్కుతాడు. బల్ల మీద డబ్బా తెలుగులో ఇన్ని రూపాయలు అందాయని బిగ్గరగా అరుస్తుంది. ఆ అరుపు అమ్మినవాడి కోసం. చెల్లించినవాడి ఖాతాలో ఎంత మిగిలిందో అరిచే డబ్బాను ఎవరూ కనిపెట్టలేదు. అలా కనిపెట్టాలని నేను కోరటం లేదు, బజారులో మన నిలవ పదిమందికీ వినిపించటం ఎవరికి ఇష్టం? కాని యంత్రం ఎవరి లాభం చూసి మాట్లాడుతున్నదో, ఎవరి విషయంలో మౌనంగా ఉన్నదో గమనించదగ్గదే. వర్తకుడికి సందేహం తీరింది గనక అమ్మకం ఆగదు. కొన్నవాడికి సందేహం పుడితే అమ్మకం ఆగుతుంది.

ఈ మౌనం క్రమంగా పెరుగుతూ వచ్చింది. మొదట్లో ప్రతి చెల్లింపుకూ బ్యాంకు నుంచి సందేశం వచ్చేది. టీకి పది రూపాయలు, బస్సుకు ఇరవై, కూరలకు నలభై అని రోజుకు పాతిక సందేశాలు వచ్చిపడితే మనిషి చదవటం మానేస్తాడు. 2024 జూన్ నుంచి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 100 రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు అలాంటి సందేశం పంపటం మానేసింది. 2022 సెప్టెంబరులో వచ్చిన యూపీఐ లైట్ ఇంకొక మెట్టు దిగింది. కొంత మొత్తాన్ని ముందుగా ఫోనులోని చిన్న సంచిలోకి మళ్లించుకుంటే, అందులోంచి చేసే చిల్లర చెల్లింపులకు రహస్యపు అంకె అక్కర్లేదు, బ్యాంకు పద్దులో ఒక్కొక్కటీ పడదు. సంచి నింపినప్పుడు ఒక్క పద్దు పడుతుంది, అంతే. బ్యాంకు యంత్రాల మీద బరువు తగ్గటం దీనివల్ల నిజమే. కాని ఖాతాదారుడికి దొరికే పద్దుల పుస్తకంలో టీ కొట్టు, కిళ్లీ కొట్టు, ఆటోరిక్షా కనిపించకుండా పోయాయి. నెల ఖర్చు ఎక్కడ కారిపోతున్నదో వెతికేవాడికి సరిగ్గా ఆ చిల్లరే కావాలి.

డబ్బు రూపం మారితే ఖర్చు చేసే చెయ్యి కూడా మారుతుందనటానికి పరిశోధన సాక్ష్యం లేకపోలేదు. డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఆచార్యులు 2001లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఆట టిక్కెట్ల వేలంలో క్రెడిట్ కార్డుతో చెల్లించవచ్చని చెప్పిన విద్యార్థులు నగదు ఇవ్వాలని చెప్పిన వారికంటె చాలా ఎక్కువ పాట పాడారు. అమెరికాలో పైచదువుల విద్యార్థులు కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి మన మల్కాపురం కార్మికుడికి అతికించటం తొందరపాటు. చేతిలో ఎక్కువ ఉన్నవాడు మరిచిపోగలడు. లేనివాడికి మరిచిపోయే వసతి లేదు.

దీనికి చక్కని రుజువు యూపీఐ ఏర్పాటులోంచే దొరికింది. 2025 ఆగస్టు 1 నుంచి ఒక్కొక్క యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి నిలవ చూడరాదని జాతీయ చెల్లింపుల సంస్థ పరిమితి విధించింది. నిలవ అడిగే ప్రశ్నలు యంత్రాలకు మోయలేని బరువయ్యాయి గనకనే ఈ నిబంధన అవసరమైంది. అందులో కొంత బరువు యాప్‌లు తమంత తాము పంపేదే కావచ్చు. కాని జనం నిలవ మరిచిపోయారనే మాట దీని ముందు నిలవదు. పోగొట్టుకున్నదాన్ని మనిషి మాటిమాటికీ తడుముకుంటాడు. పూర్వం కొంగుముడి మీద చెయ్యి వేస్తే తెలిసేది, ఇప్పుడు అరగంటకొకసారి అంకె చూస్తే గాని మనసు నిలవదు. పాత ఎరుకా ఈ ఆదుర్దా ఒకటి కావు. దీనికి బ్యాంకులూ కొంత కారణమే. స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్‌లో కనీస నిలవ జరిమానాను తిరిగి తెచ్చి, నవంబరు లోగా ఆ పద్దు కింద 1,770 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. 2020లో దాన్ని మాఫీ చేసింది గాని, నిలవ తగ్గితే డబ్బు పోతుందనే భయం పేదవాడి మనసులోంచి మాఫీ కాలేదు.

ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్లినవారికి మరొక దృశ్యం కనిపిస్తుంది. మరపడవలు వచ్చి ఆగుతాయి, చేపల పాట మొదలవుతుంది, ఆడవాళ్లు పాడుకుని గంపలకెత్తుకుని పేటల్లోకి వెళతారు. పాట సొమ్ము చాలావరకు అప్పు తెచ్చిందే. సాయంత్రానికి ఆ అప్పు, ఐసు ఖర్చు, ఆటో ఖర్చు పోగా మిగిలింది రొంటిన దోపుకున్న సంచిలో ఉండేది. కూర్చుని చిల్లర కుప్పలు పెట్టి లెక్క చూసుకునేది. ఈనాడు కొనేవారు ఫోను తీస్తున్నారు గనక గంపకు ఒక గళ్ల బొమ్మ కార్డు తగిలించక తప్పలేదు. ఆ కార్డు కొడుకు ఖాతాది. కొన్ని ఇళ్లలో అల్లుడి ఖాతాది. ఆమెకు ఉన్నది నొక్కుల ఫోను, కొడుక్కున్నది అద్దాల ఫోను. సాయంత్రం లెక్క చూడాలంటే "ఎంత పడిందిరా నాయనా?" అని ఆమె అడగాలి. వాడు చెప్పిన అంకె ఆమె నమ్మాలి. కొడుకు మంచివాడే కావచ్చు. కాని ముప్ఫై ఏళ్లు తన సంచి తానే లెక్కపెట్టుకున్న మనిషి ఇప్పుడు తన సంపాదన ఎంతో అడిగి తెలుసుకునే స్థితికి వచ్చింది. నిలవ ఎరుక ఈ ఇంట్లోంచి పోలేదు, ఒక చేతిలోంచి మరొక చేతిలోకి జరిగింది. ఆడమనిషి చేతిలోంచి మగవాడి చేతిలోకి జరిగింది.

జీతపు కవరు విషయంలోనూ ఇదే జరిగింది. కవరు ఇంటికి వచ్చేది, ఖాతా ఇంటికి రాదు. అది భర్త బొటనవేలి ముద్ర వెనకా, నాలుగో ఆరో రహస్యపు అంకెల వెనకా ఉంది. తగ్గింది ఎంతని అడగటానికి మొదట ఎంత వచ్చిందో తెలియాలి గదా. మహిళా పొదుపు సంఘాల్లో ఉన్న స్త్రీలు ఈ అన్యాయాన్ని కొంత ఎదుర్కోగలుగుతున్నారు. వారికి సొంత ఖాతా ఉంది, సంఘం పుస్తకం పదిమంది ముందు చదువుతారు. బహిరంగంగా చదివే పద్దుకు ఉన్న బలం అది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1931లో కమిషను చూసిన వడ్డీ వ్యాపారి ఎక్కడికి పోయాడు? ఆనాటి చట్టాలు అతన్ని పూర్తిగా పారదోలలేదు గాని, ఫ్యాక్టరీ గేటు నుంచి వీధి చివరకు నెట్టాయి. కార్మికుడు జీతం చేతబట్టుకుని ఆ వీధి చివర దాకా నడిచే నాలుగు అడుగుల్లో అతనికి కాస్త స్వేచ్ఛ ఉండేది. ముందు ఇంటికి వెళ్లి బియ్యం కొని తరవాత అప్పులవాడికి మొహం చూపించవచ్చు, లేదా దారి మళ్లించి తప్పించుకోవచ్చు. ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి వచ్చే నెల చెప్పాలి అనే క్రమం అతనిది. పేదవాడి ఆర్థిక శాస్త్రమంతా ఆ క్రమంలోనే ఉంది.

ఖాతా నుంచి వాయిదా సొమ్మును దానంతట అదే లాక్కునే ఏర్పాటు ఈ నాలుగు అడుగుల దారిని తీసివేసింది. ఒకసారి ఒప్పుదల ఇస్తే నెలనెలా నిర్ణీత తేదీన అప్పు ఇచ్చిన సంస్థకు సొమ్ము పోతుంది. 2020 జూలై నుంచి యూపీఐలో కూడా ఇటువంటి ఏర్పాటు వచ్చింది. తెల్లవారి లేచి చూసేసరికి జీతం వచ్చిన సందేశమూ, వాయిదా పోయిన సందేశమూ పక్కపక్కన ఉంటాయి. నిలవ చూడకముందే నిలవ మారిపోయింది. పనికట్టుకుని గేటు దగ్గర కాపు వెయ్యవలసిన అగత్యం వడ్డీ వ్యాపారికి లేదు, అతను ఖాతా లోపలే కూర్చున్నాడు. సొమ్ము చాలక వాయిదా తిరిగిపోతే బ్యాంకు ఒక జరిమానా, అప్పు ఇచ్చినవాడు ఒక జరిమానా వేస్తారు. అంతటితో ఆగదు. 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షను ప్రకారం ఖాతాలో సొమ్ము చాలక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగిపోవటం నేరం. నోటీసు ఇచ్చిన తరవాత కూడా చెల్లించకపోతే రెండేళ్ల దాకా జైలు, మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. 1931లో అప్పులవాడు కార్మికుణ్ని చుట్టుముట్టటం నేరం కావాలన్నారు. 2007లో కార్మికుడి ఖాతాలో నిలవ లేకపోవటం నేరమయింది. న్యాయశాస్త్రం చదువుకునే మన విద్యార్థులు ఈ రెండు తేదీలనూ ఒకే పేజీలో రాసుకుంటే బాగుంటుంది.

ఇదేదో పుస్తకాల్లో ప్రమాదమని అనుకోనక్కర్లేదు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కును పూర్తిగా అమ్మివెయ్యటానికి సూత్రరీత్యా ఒప్పుకున్న తరవాత ఆ ఫ్యాక్టరీ కష్టాలు ముదిరాయి. 2024లో ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి, కొన్ని నెలలు విడతలుగా అందాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించటం తరవాతి సంగతి. సగం జీతం వచ్చిన నెలలో ఇంటి అప్పు వాయిదా సగం పోదు, మొత్తం పోతుంది. యజమాని తన తేదీ తప్పవచ్చు, అప్పులవాడి యంత్రం తన తేదీ తప్పదు. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూర్చున్న కార్మికుణ్ని నీ నిలవ ఎంతో తెలుసా అని అడగటం హాస్యాస్పదం. అతనికి రూపాయితో సహా తెలుసు. ఆ రూపాయి మీద అతనికి అధికారం లేదు. నెలజీతం పూర్తిగా అందే పర్మనెంటు ఉద్యోగి స్థితే ఇది. అతని పక్కన పనిచేసే కాంట్రాక్టు కూలివాడికి జీతపు తేదీ అన్నదే నమ్మకం లేదు.

దీనికి పైన నిలవ అనే మాటకే అర్థం మారుతున్నది. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలపవచ్చన్నారు. 2023లో బ్యాంకు ముందుగా మంజూరు చేసిన అప్పును కూడా అదే ఫోను ద్వారా ఖర్చు చెయ్యవచ్చన్నారు. అదే గళ్ల బొమ్మ, అదే రహస్యపు అంకె. తన సొమ్ము ఖర్చవుతున్నదో, రేపటి జీతం ఈవాళ ఖర్చవుతున్నదో చేతికి తేడా తెలియదు. మా విద్యార్థుల్లో కొందరు నిలవ ఎంత అంటే "ఇంకా ఎంత వాడుకోవచ్చు" అనే అర్థంలో జవాబు చెబుతున్నారు. కిరాణా కొట్టులో అరువు తెచ్చుకున్న తాతకు అది అరువని తెలుసు, కొట్టువాడి మొహం చూస్తే గుర్తొచ్చేది.

ఐతే ఏం చెయ్యాలి? నోట్ల కట్టలకు తిరిగి వెళదామనేది అర్థంలేని మాట. దొంగతనం భయం, చిల్లర కరువు, మేస్త్రీ కోతలు మరిచిపోయిన వారే అలా అంటారు. గూడేల నుంచి పట్నానికి వచ్చిన కూలివాడు ఇంటికి ఆ రాత్రే డబ్బు పంపగలగటం చిన్న మేలు కాదు. మనం అడగవలసినవి వేరే ఉన్నాయి, అవి అంత కష్టమైనవీ కావు. ప్రతి చెల్లింపు పూర్తి కాగానే ఖాతాలో మిగిలిన నిలవను తెలియజెయ్యాలని 2025లో బ్యాంకులకు ఆదేశం వచ్చింది. ఆ అంకె తెలుగులో, పెద్ద అక్షరాలతో, నొక్కుల ఫోనుకు కూడా, చదువురానివారికి వినపడేట్టు రావాలి. చేపలమ్ముకునే ఆమె పేరునే ఖాతా ఉండాలి, ఆ ఖాతా లెక్క ఆమెకే వినిపించాలి. ఇవి బ్యాంకు ఉద్యోగుల సంఘాలూ, మహిళా సంఘాలూ కలిసి పట్టుబట్టి సాధించుకోదగినవి.

వాయిదా తేదీ సంగతి కార్మిక సంఘాలది. 1936 నుంచి జీతం ఎన్నో తారీకున ఇవ్వాలనేది యాజమాన్యంతో మాట్లాడి నిలబెట్టుకున్న హక్కు. దాని కోసం గేటు ముందు ధర్నాలు జరిగాయి, పని ఆపటాలు జరిగాయి. జీతం అందక ముందు వాయిదా కోయరాదనీ, జీతం విడతలుగా వచ్చిన నెలలో వాయిదా కూడా విడతలుగా పోవాలనీ, యాజమాన్యం చేసిన ఆలస్యానికి పడే జరిమానా యాజమాన్యమే భరించాలనీ కోరికల పత్రంలో రాయటానికి అడ్డేమీ లేదు. ఇంతవరకు నా చేతికి వచ్చిన కరపత్రాల్లో ఆ కోరిక కనిపించలేదు.